అసెంబ్లీ, ఎన్నికల పరిశోధనే వృత్తిగా: హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చెయ్యాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ రెండో ఏడాది, హైదరాబాద్‌లోనే. ఎన్నికల మీద, శాసనసభ మీద పరిశోధన చేసి యూనివర్సిటీలో స్థిరపడాలని ఉంది. లెక్కలంటే భయం, ఇంగ్లీషు మధ్యస్థం. ఇంట్లో మూడేళ్లకు మించి ఆగలేమంటున్నారు. ఏం నేర్చుకోవాలి, ఎవరి దగ్గర చేరాలి, చివరికి ఉద్యోగం వస్తుందా?

ముందు అసలు మాట. ఈ రంగంలో పేరు తెచ్చేది టీవీ చర్చల్లో ఎవరు గెలుస్తారో చెప్పడం కాదు, సిద్ధాంతాలు బట్టీ పట్టడం కూడా కాదు. ఇంకెవరి దగ్గరా లేని ఒక రికార్డును ఓపిగ్గా శుభ్రం చేసి, దాన్నుంచి ఒక ప్రశ్నకు జవాబు రాబట్టగలగడం. ఢిల్లీలో, విదేశాల్లో కూర్చున్న పరిశోధకుల దగ్గర గణితం ఉంది, నిధులున్నాయి. సభ చర్చల రికార్డైన తెలుగు కార్యవాహి చదివే కన్ను, ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో జనం ఏం అడుగుతున్నారో అర్థం చేసుకునే చెవి మీకున్నాయి. ఉర్దూ కూడా వస్తే పాతబస్తీ రాజకీయాల మీద మీతో పోటీపడేవాళ్లు చాలా తక్కువ. ఇంగ్లీషు మధ్యస్థమని దిగులు వద్దు, రాస్తూ ఉంటే అదే పదునెక్కుతుంది.

కాబట్టి పీహెచ్‌డీ సీటు కోసం ఎదురుచూడకుండా ఈ ఏడాదే ఒక చిన్న డేటా సెట్టు మొదలుపెట్టండి. డిసర్టేషన్ ఉంటే దాన్నే ఇందుకు వాడుకోండి. హైదరాబాద్ జిల్లాలో 15 అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి. వాటిలో మూడింటిని తీసుకుని 2014, 2018, 2023 అసెంబ్లీ ఎన్నికల బూత్‌వారీ ఫలితాలు ఒక పట్టికలోకి తెస్తే చాలు. ఈ మూడు ఎన్నికలూ 2008 నియోజకవర్గాల పునర్విభజన సరిహద్దుల్లోనే జరిగాయి కనుక పోల్చడం సులువు.

బూత్‌వారీ ఫలితం ఉండేది ఫారం 20లో. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గాల వారీగా పీడీఎఫ్‌లు దొరుకుతాయి. చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలే, కాపీ పేస్టు కుదరదు. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్‌తో చదివించడం) చేయిస్తే 3, 8 కలిసిపోతాయి, 1 మాయమవుతుంది. అందుకే ప్రతి పేజీకీ మూడు సరిచూపులు పెట్టుకోండి. అడ్డంగా అభ్యర్థుల ఓట్లు కూడితే చెల్లిన ఓట్ల గడి రావాలి. దానికి తిరస్కరించినవి, నోటా కలిపితే మొత్తం గడి రావాలి. నిలువుగా అన్ని బూత్‌లూ కూడి, చివర్లో విడిగా ఉండే పోస్టల్ బ్యాలెట్ల వరస కలిపితే రిటర్నింగ్ అధికారి సంతకం చేసిన ఫారం 21ఇలోని అంకెతో సరిపోవాలి. ఈ మూడూ కుదిరేదాకా ఆ నియోజకవర్గం పూర్తయినట్టు లెక్కలోకి తీసుకోవద్దు. ఎక్కడో ఒక బూత్ వరస ఖాళీగా కనబడితే కంగారుపడి అంకె వేసెయ్యకండి. పోలింగ్‌కు ముందు పరీక్షగా వేసే మాక్ పోల్ ఓట్లు తుడవకుండా పోలింగ్ మొదలైన యంత్రాలను పక్కనపెడతారు, గెలుపు తేడాను ఆ ఓట్లు తారుమారు చేసే పరిస్థితి ఉంటేనే వాటి సంగతి తేలుస్తారు. ఆ ఖాళీ నిజంగానే ఖాళీ కావచ్చు.

నోటా దగ్గర చాలామంది తడబడతారు. 2013 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన ఈ మీటకు ఫారం 20లో వేరే గడి ఉంటుంది. ఎన్నికల సంఘం గణాంక నివేదికల్లో మాత్రం అభ్యర్థుల పక్కనే ఒక వరసగా కనబడుతుంది. ఓట్ల శాతం తీసేటప్పుడు భాగించే మొత్తంలో నోటా కలిపారా లేదా అన్నదాన్నిబట్టి అంకె మారుతుంది. ఏది చేసినా ఫర్వాలేదు, కానీ మొదటి పేజీలో రాసిపెట్టి చివరిదాకా అదే పద్ధతిలో ఉండాలి.

ఒక ఎన్నికలో 120వ బూత్, తర్వాతి ఎన్నికలో 120వ బూత్ ఒకటి కావు. ఓటర్లు పెరిగితే బూత్ విడగొడతారు, 120ఏ వస్తుంది, ఆ తర్వాతి సవరణలో వరస నంబర్లన్నీ జరుగుతాయి. నంబర్లతో జతచేస్తే పట్టిక పైకి నిక్షేపంలా కనబడుతుంది, లోపలంతా తప్పే. జతచెయ్యాల్సింది పోలింగ్ కేంద్రం భవనం పేరుతో, ఆ బూత్ పరిధిలోని వీధుల పేర్లతో. ఓటరు జాబితా మొదటి పేజీలో ఈ వివరాలుంటాయి. నగరంలో ఒకే స్కూల్లో ఆరేడు బూత్‌లుంటాయి కనుక ఒక్కో బూత్‌ని విడిగా జతచెయ్యడం మాని, కేంద్రం మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటే నష్టం తక్కువ.

ఇంకా వెనక్కి వెళ్తే సరిహద్దుల చిక్కు ఎదురవుతుంది. 2004లో ఖైరతాబాద్, 2009లో ఖైరతాబాద్ పేరు ఒకటే, భూమి వేరు. పాత ఖైరతాబాద్ రాష్ట్రంలోని అతి పెద్ద నియోజకవర్గాల్లో ఒకటి. 2008 పునర్విభజనలో అది ముక్కలైంది, హిమాయత్‌నగర్ మాయమైంది, అంబర్‌పేట లాంటి కొత్తవి వచ్చాయి. 2004 నుంచి 2009కి ఫలానా పార్టీ ఖైరతాబాద్‌లో ఇన్ని ఓట్లు కోల్పోయిందని రాస్తే, ఆ వాక్యానికి అర్థమే లేదు.

నంబర్లలోనే ఇంకో ఉచ్చు ఉంది. 2014 ఏప్రిల్, మే నెలల్లో ఎన్నికలు జరిగినప్పుడు రాష్ట్రం ఇంకా ఉమ్మడిగానే ఉంది, విభజన అమల్లోకి వచ్చింది జూన్ 2న. కాబట్టి ఆ ఎన్నికల ఫైలులో 294 నియోజకవర్గాలూ ఆంధ్రప్రదేశ్ పేరుతోనే ఉంటాయి. మొదటి 119 తెలంగాణవి, 120వది ఇచ్ఛాపురం. 2019లో అదే ఇచ్ఛాపురం 1వ నంబరు. రాష్ట్రం పేరు, నియోజకవర్గం నంబరు కలిపి రెండు ఫైళ్లు జోడిస్తే ఇచ్ఛాపురం వెళ్లి సిర్పూరుకు అతుక్కుంటుంది. మీ సొంత గుర్తింపు సంఖ్య ఒకటి ఇచ్చుకోండి, ఎన్నికల సంఘం నంబరును పక్క గడిలో ఉంచుకోండి.

పాత కాలం మీద ఆసక్తి ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1957 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఫలితాల్లో 105 స్థానాలే కనబడతాయి. మిగతావి పోయాయని కొందరు అనుకుంటారు, ఏమీ పోలేదు. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచిన 196 మంది అలాగే కొనసాగారు, 1957లో ఓటింగ్ జరిగింది తెలంగాణలోనే.

ఆ రోజుల్లో ద్విసభ్య నియోజకవర్గాలు కూడా ఉండేవి. 1952 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లొచ్చాయి, నెహ్రూకు 2,33,571. నెహ్రూను మించిన మెజారిటీ అని మన దగ్గర వాడుకలో ఉంది. మించింది వచ్చిన ఓట్ల సంఖ్యలో. మెజారిటీ అంటే రెండో అభ్యర్థితో తేడా, దాన్ని వేరే లెక్కగట్టాలి. పైగా నల్లగొండా, నెహ్రూ పోటీచేసిన అలహాబాద్ స్థానమూ రెండూ ద్విసభ్య నియోజకవర్గాలే. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకరికే వెయ్యకూడదు. అంటే ఆ ఎన్నికలో చెల్లిన ఓట్ల మొత్తం ఓటేసిన మనుషుల సంఖ్య కాదు. ఆ మొత్తంతో భాగిస్తే ఊళ్లకు ఊళ్లు ఒకరికే ఓటేసినా ఆ అభ్యర్థి వాటా యాభై శాతం దగ్గరే ఆగిపోతుంది. 1952 లోక్‌సభలో ఇలాంటి ద్విసభ్య స్థానాలు 86, త్రిసభ్య స్థానం ఒకటి. 1961 చట్టంతో ద్విసభ్య స్థానాలు రద్దయ్యాయి. 1962 తర్వాతి శాతాలతో వీటిని ఒకే గ్రాఫులో పెట్టాలంటే ముందు ఈ లెక్క సరిచెయ్యాలి. సరిచెయ్యలేకపోతే 1962 నుంచే మొదలుపెట్టడం మేలు.

పేర్ల సంగతి. మన పేర్లు ఒక ఎన్నికలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకో ఎన్నికలో ఒక్క అక్షరంతో, ఇంకోసారి చివర్లో వస్తాయి. పైగా ఇంగ్లీషు స్పెల్లింగు ప్రతిసారీ మారుతుంది. కంప్యూటర్ జతచేసిన ప్రతి జంటనూ కంటితో చూడాలి. తండ్రి లేదా భర్త పేరు, వయసు నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్లో ఉంటాయి, వాటితో సరిచూడండి. ఇంటిపేరునో, పేరు చివర రావు, రెడ్డి, గౌడ్ అన్న మాటనో పట్టుకుని కులం గడి నింపెయ్యకండి. రావు అన్న మాట ఎన్ని కులాల్లో ఉందో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నియోజకవర్గం తెలిసిన ఇద్దర్ని విడివిడిగా అడిగి, ఇద్దరి మాటా కలిస్తేనే రాయండి. కలవకపోతే గడి ఖాళీగా వదిలెయ్యండి.

పార్టీ గడి ఒకటి సరిపోదు, కనీసం మూడు కావాలి: ఏ గుర్తు మీద గెలిచారు, సభలో ఏ పార్టీ సభ్యుడిగా నమోదయ్యారు, ఫలానా తేదీకి ఎటు కూర్చున్నారు. 1985లో పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు రాజ్యాంగంలోకి వచ్చింది. మూడో వంతు చీలికకు ఇచ్చిన మినహాయింపును 2003లో 91వ సవరణ తీసేసింది, మూడింట రెండొంతుల విలీనం మాత్రం మిగిలింది. 2019 జూన్‌లో కాంగ్రెస్‌కు మిగిలిన 18 మంది ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమైంది ఆ లెక్క ప్రకారమే. గెలిచిన పార్టీ ఒక్కటే గడిలో పెట్టుకుంటే 2018 సభలో ప్రతిపక్షం అడిగిన ప్రశ్నలన్న మీ పట్టిక మొత్తం వంకరపోతుంది. ఉపఎన్నికలూ వదలొద్దు. 2010 జులైలో ఒక్కసారే తెలంగాణలో 12 స్థానాలకు జరిగాయి. అవి కలపకుండా సిట్టింగ్ ఎమ్మెల్యేలు ఎంతమంది మళ్లీ గెలిచారు అన్న లెక్క తీస్తే తప్పొస్తుంది.

అఫిడవిట్ల మీద చెయ్యాలనుకునేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. కేసుల సంఖ్యను నేరస్వభావానికి కొలతగా వాడొద్దు. ఉద్యమకాలంలో రైల్‌రోకోలు, ధర్నాలు చేసినవాళ్ల మీద పదుల్లో కేసులున్నాయి. సెక్షన్ల వారీగా విడగొట్టి తీవ్రమైనవి వేరు చెయ్యాలి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక సెక్షన్ల నంబర్లు మారాయి. పాత 302 ఇప్పుడు 103, పాత 307 ఇప్పుడు 109. రెండు కాలాలనూ కలిపే పట్టిక ముందే సిద్ధం చేసుకోండి.

ఇక శాసనసభ. నా అభిప్రాయంలో తెలుగు విద్యార్థికి అసలు గని ఇదే, ఎన్నికల కన్నా ఇక్కడ రద్దీ చాలా తక్కువ. అమెరికా మీద వచ్చే పరిశోధన చదివి, ఎవరు ఏ బిల్లుకు ఎలా ఓటేశారో పట్టిక కట్టి సభ్యుల భావజాలం కొలుద్దామని కొందరు బయల్దేరతారు. మన సభల్లో అది నడవదు. బిల్లులు మూజువాణీ ఓటుతో పోతాయి, ఓట్లు లెక్కపెట్టే డివిజన్ అరుదు, జరిగినా పార్టీ ఆదేశం, అంటే విప్ ఉంటుంది, ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. కాబట్టి సభ్యుడి సొంత గొంతు వినబడేది ప్రశ్నల్లో, జీరో అవర్‌లో, పద్దుల మీద చర్చలో, కమిటీల్లో. ప్రశ్నలు లెక్కపెట్టేటప్పుడు మంత్రుల్ని, స్పీకర్‌ని, డిప్యూటీ స్పీకర్‌ని విడిగా పెట్టాలి, వాళ్లు ప్రశ్నలు వెయ్యరు. ఒకే ప్రశ్నకు నలుగురైదుగురు సభ్యుల పేర్లుంటాయి. ఆ ప్రశ్న నలుగురికీ ఒక్కొక్కటిగా పడాలా, నాలుగో వంతు చొప్పున పడాలా అన్నది ముందే తేల్చుకోండి. సభలో నోటితో జవాబు చెప్పాల్సిన నక్షత్రం గుర్తున్న ప్రశ్న జాబితాలోకి రావడం వేరు, సభలో జవాబు రావడం వేరు. గొడవలతో సభ వాయిదా పడితే జవాబును సభాసమక్షంలో ఉంచినట్టుగా నమోదు చేస్తారు. ప్రశ్నలు ఎక్కువ వేసిన ఎమ్మెల్యే బాగా పనిచేసినట్టు అన్న ముక్తాయింపు పత్రికలకు సరిపోతుంది, థీసిస్‌కు సరిపోదు. అధికారపక్ష సభ్యుడు తన పని మంత్రి ఛాంబర్లోనే చేయించుకోగలడు, అతనికి ప్రశ్న వెయ్యాల్సిన అవసరమే తక్కువ.

పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న అసెంబ్లీ లైబ్రరీలో చదువుకోవాలంటే డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో లెజిస్లేచర్ కార్యదర్శి పేరిట లెటర్ పెట్టుకోవాలి. ఏ సంవత్సరాల సంపుటాలు, ఎన్ని రోజులు అన్నది అందులో స్పష్టంగా రాయండి. పరిశోధన నిమిత్తం అని ఊరుకుంటే లెటర్ బల్లల మీద తిరుగుతూనే ఉంటుంది. సమావేశాలు జరిగే రోజుల్లో భద్రత వల్ల లోపలికి పోవడమే కష్టం, మిగతా రోజులు చూసుకోండి. హైదరాబాద్ రాష్ట్రపు తొలి శాసనసభ, 1952లో ఎన్నికైన 175 మంది సభ, మీద పని చేయాలంటే ఉర్దూ దాదాపు తప్పనిసరి. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలవాళ్లు కలిసి కూర్చున్న సభ అది. దాని మీద జరగాల్సిన పని చాలా మిగిలి ఉంది. అప్పటి పత్రికల కోసం సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్, ఉస్మానియా లైబ్రరీ చూడండి. ఉస్మానియా క్యాంపస్‌లోనే ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) దక్షిణ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది.

ఆన్‌లైన్‌లో దొరికే తెలుగు పీడీఎఫ్‌లలో కొన్ని యూనికోడ్ రాకముందు వాడిన అను ఫాంట్లలో ఉంటాయి. తెర మీద చక్కటి తెలుగు, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు. కన్వర్టర్లున్నాయి కానీ వత్తులు, ర-కారాలు దెబ్బతింటాయి. ఆ పాఠంలో పదాలు వెతికి లెక్కపెట్టే ముందు ఒక నూరు వాక్యాలు మూలంతో పోల్చి ఎంత తప్పుందో తెలుసుకోండి. రైతు అన్న మాట ఎన్నిసార్లొచ్చిందో లెక్కపెట్టడానికి రైతులకు, రైతాంగం, రైతన్న అన్నీ పట్టుకునే పద్ధతి ఉండాలి. విభక్తులు అతుక్కునే భాషలో ఇంగ్లీషు కోసం చేసిన పరికరం నేరుగా పనిచెయ్యదు.

ప్రాతినిధ్యం అనేది సభలో కన్నా క్యాంపు ఆఫీసులో బాగా కనబడుతుంది. పొద్దున ఏడున్నర నుంచి పదకొండు దాకా వరండాలో కూర్చుని వచ్చినవాళ్లను నమోదు చెయ్యండి. గడులు ఇవీ: వచ్చిన సమయం, ఒంటరిగానా గుంపుగానా, ఎవరు వెంటబెట్టుకొచ్చారు, ఏ పని, ఎవరితో మాట్లాడారు, ఏం జరిగింది. ఏం జరిగిందన్న గడి కీలకం: ఫోన్ చేశారా, లెటర్ ఇచ్చారా, రేపు రమ్మన్నారా, పీఏకి అప్పగించారా. వచ్చే పనుల్లో నిమ్స్‌లో చికిత్సకు సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్‌ఓసీ (ఖర్చు ఇస్తామని ఆస్పత్రికి రాసే లెటర్), కల్యాణలక్ష్మి చెక్కు, పింఛను ఆగిపోవడం, తహసీల్దార్ దగ్గర ఆగిన ఫైలు, బదిలీ, పోలీస్ స్టేషన్ గొడవ ఉంటాయి. చట్టాల గురించి అడగడానికి ఎవరూ రారు. కనీసం రెండు వారాలు, వారంలో అన్ని రోజులూ పడేలా చూసుకోండి. ఎమ్మెల్యే ఊళ్లో లేని రోజు కూడా వెళ్లండి, ఆ రోజు పని నడిపేదెవరో అప్పుడే తెలుస్తుంది. పేర్లు, ఫోన్ నంబర్లు, రోగాల వివరాలు రాసుకోవద్దు, రాసుకుంటే నోట్‌బుక్ ఇంకెవరి చేతికీ పోకూడదు. అనుమతి ముందు పీఏ దగ్గర తీసుకోండి. అసలు తలుపు తెరిచేది ఆయనే. హైదర్‌గూడ ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో సమావేశాల సమయంలో చాలామంది దొరుకుతారు కానీ హడావుడిలో ఇంటర్వ్యూ పది నిమిషాలకు మించదు. నియోజకవర్గంలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక అడిగితే గంట దొరుకుతుంది.

సర్వేల గురించి కొద్దిగా. ఎమ్మెల్యే పనితీరుతో సంతృప్తిగా ఉన్నారా అని అడిగితే ఫర్వాలేదనే అంటారు, ముఖ్యంగా పక్కన నలుగురుంటే. గత ఏడాదిలో ఏ పని పడింది, ఎవరి దగ్గరికి వెళ్లారు, పని అయిందా అని వరసగా అడగండి. ఎన్నికల తర్వాత ఎవరికి వేశారని అడిగితే గెలిచిన పార్టీ పేరు చెప్పేవాళ్లు అసలు కన్నా ఎక్కువ వస్తారు. అందుకే నమూనా బ్యాలెట్టు ఇచ్చి పెట్టెలో వెయ్యమంటారు. నాలుగు వందల మందితో చేస్తే ఏ శాతమైనా అటూఇటూ ఐదు పాయింట్లు కదులుతుంది, వెయ్యిమందితో మూడు. అదీ పద్ధతిగా లాటరీలో ఎంపికైతేనే. బస్టాపు దగ్గర దొరికినవాళ్లను అడిగితే ఈ లెక్క వర్తించదు. పోలింగ్ దశలు నడుస్తుండగా ఎగ్జిట్ పోల్ ప్రచురించడం ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ కింద నేరం, విద్యార్థి సర్వేకు మినహాయింపు లేదు.

బూత్ ఫలితాల నుంచి మనుషుల మీదికి దూకొద్దు. ముస్లింలు ఎక్కువగా ఉన్న బూత్‌లో ఒక పార్టీకి ఎక్కువ ఓట్లొస్తే, ముస్లింలే వేశారని ఆ ఒక్క అంకెతో రుజువు కాదు. అలాగే హైదరాబాద్‌లో పోలింగ్ శాతం తక్కువని నగరవాసుల బద్ధకం మీద వ్యాసం రాసేముందు భాగించే అంకెను, అంటే జాబితాలోని ఓటర్ల సంఖ్యను అనుమానించండి. ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు, సొంతూళ్లో కూడా ఓటున్నవాళ్లు జాబితాలో ఉండిపోతే శాతం దానంతటదే పడిపోతుంది. ఒక వంద ఇళ్లు తిరిగి జాబితాను సరిచూడటం మంచి ఎం.ఏ. డిసర్టేషన్ అవుతుంది.

లెక్కల భయం గురించి. మీకు కావాల్సింది ఇంజనీరింగ్ గణితం కాదు. శాతాలు, భారిత సగటు, ప్రామాణిక దోషం, రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో చూసే లెక్క) చదివి అర్థం చేసుకోవడం, ఇదీ వరస. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఒక ఆరు నెలలు రోజూ గంట మీ సొంత డేటా మీదే చెయ్యండి. ఎక్సెల్‌లో చేత్తో దిద్దిన మార్పు తర్వాత ఎవరికీ గుర్తుండదు, ఆర్ స్క్రిప్టులో ప్రతి అడుగూ ఉండిపోతుంది. పటాలకు క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఎక్కడ రిగ్రెషన్ వాడకూడదో తెలియడం కూడా ముఖ్యమే. 2023లో తెలంగాణ అసెంబ్లీకి గెలిచిన మహిళలు 119లో 10 మంది. పదిమందితో గణాంక సూత్రాలు తేల్చలేరు, వాళ్లలో వీలైనవాళ్లను కలిసి మాట్లాడగలరు.

ఇక పరీక్షలు, డబ్బు. అధ్యాపక ఉద్యోగాలకు అర్హత పరీక్షైన యూజీసీ నెట్‌లో మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది 100, ఒక్కోదానికి రెండు మార్కులు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. 2024 నుంచి ఫలితం మూడు తరగతులుగా వస్తోంది: జేఆర్‌ఎఫ్‌తో (పరిశోధకులకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) సహా అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత పీహెచ్‌డీ ప్రవేశంతో, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండు తరగతులవాళ్లకు పీహెచ్‌డీ ప్రవేశంలో నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ప్రవేశానికి ఏడాదే పనికొస్తుంది. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటద్దె భత్యం అదనం. అది లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే నెలకు 8,000. రాష్ట్ర యూనివర్సిటీలో అదీ లేకపోవచ్చు. ఇంట్లో పరిస్థితి మీరు చెప్పినట్టుంటే జేఆర్‌ఎఫ్ రాకుండా పీహెచ్‌డీలో దిగొద్దని నా గట్టి సలహా. ఉస్మానియా నిర్వహించే రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష సెట్ కూడా రాయండి, ఈ రాష్ట్రంలోని పోస్టులకు పనికొస్తుంది.

2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరు. మహిళలకు, వికలాంగులకు ఇంకో రెండేళ్లు. కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు. ఫీల్డ్‌వర్క్ ఉన్న థీసిస్ మూడేళ్లలో అయ్యేది అరుదు, ఐదేళ్లని ఇంట్లో ముందే చెప్పండి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఉర్దూ తెలిస్తే మౌలానా ఆజాద్ వర్సిటీ, ఈ మూడూ ఊళ్లోనే ఉన్నాయి. గైడుని ఎంచుకునేటప్పుడు పేరుప్రఖ్యాతులకన్నా ఖాళీ చూడాలి. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపున్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఆయన దగ్గర గత ఐదేళ్లలో ఎంతమంది సమర్పించారు, ఎంతమంది మధ్యలో ఆగారు అన్నది ఆ విద్యార్థులనే అడగండి. మొదటి మెయిల్లో జీవితచరిత్ర వద్దు. రెండు పేజీల ప్రతిపాదన, మీరు కట్టిన పట్టికలో ఒక పేజీ, అందులో తేలిన ఒక్క విషయం చాలు. భారత రాజకీయాల్లో కుల ప్రాతినిధ్యం లాంటి శీర్షికతో పోతే పక్కనపెడతారు. జీహెచ్‌ఎంసీలో 2020లో మహిళలకు కేటాయించిన డివిజన్లలో వార్డు నిధుల పనులు ఎవరు నడిపారు అన్నంత ఇరుకైన ప్రశ్న ఉండాలి. స్థానిక ఎన్నికల రికార్డులు రాష్ట్ర ఎన్నికల సంఘం దగ్గరుంటాయి, కేంద్ర ఎన్నికల సంఘం దగ్గర వెతికితే దొరకవు.

ఉద్యోగం మాట దాచకుండా చెప్తాను. యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మూలవేతనం 57,700, కానీ నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు. మధ్యలో చాలామందిని నిలబెట్టేది డిగ్రీ, గురుకుల కాలేజీల పోస్టులు. నోటిఫికేషన్‌లో పొలిటికల్ సైన్స్ అడిగారా, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అడిగారా జాగ్రత్తగా చూసుకోండి, రెండూ ఒకటిగా తీసుకోరు. బయట దారులూ ఉన్నాయి. ఢిల్లీలో చట్టసభల మీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌లో ఒక ఎంపీ దగ్గర దాదాపు ఏడాది పనిచేస్తారు, 25 ఏళ్ల లోపువాళ్లకే. సభ పనితీరు లోపలినుంచి నేర్చుకోవడానికి దానికి సాటి లేదు, పీహెచ్‌డీకి ముందు చేస్తేనే లాభం. ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి సంస్థకు ఫీల్డ్ పరిశోధకులు అవసరమవుతారు, ఎన్నికల ఏడాదిలో రాష్ట్ర సమన్వయకర్తను సంప్రదించండి.

ప్రచురణకు డబ్బడిగి వారంలో అచ్చేసే జర్నల్‌కి ఇవ్వొద్దు. యూజీసీ గుర్తించిన జర్నళ్ల పట్టిక, కేర్ జాబితా, 2025లో ఎత్తేశారు కనుక ఆ ముద్ర చూపించి మోసం చేసేవాళ్లు ఇప్పుడు ఇంకా ఎక్కువ. మొదటి వ్యాసం ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీకో, స్టడీస్ ఇన్ ఇండియన్ పాలిటిక్స్‌కో పంపండి. తిరగ్గొట్టినా రివ్యూలో వచ్చే వ్యాఖ్యలు ఉచితంగా దొరికే పాఠాలు.

చివరగా మీరు అడగకపోయినా ముందుకొచ్చే సంగతి. ఎన్నికల సీజన్లో పార్టీలకు పనిచేసే సర్వే కంపెనీలు మీలాంటివాళ్లను నెల జీతానికి పిలుస్తాయి. వెళ్లొచ్చు, ఇంటికి డబ్బు అవసరమైతే తప్పులేదు. సంతకం చేసేముందు ఆ డేటా ఎవరి సొత్తు, థీసిస్‌లో వాడుకోవచ్చా అన్నది కాగితం మీద రాయించుకోండి. చాలావరకు వాడుకోనివ్వరు. ఏ పార్టీకి ఎప్పుడు పనిచేశారో మీ వ్యాసంలో, గైడుకి, ఇంటర్వ్యూ ఇచ్చే ఎమ్మెల్యేకి ముందే చెప్పండి. అదే నియోజకవర్గంలో ఒక పార్టీ టీషర్టుతో ప్రశ్నాపత్రం పట్టుకుని తిరిగితే, తర్వాత పరిశోధకుడిగా వెళ్లినప్పుడు అవతలి పార్టీవాళ్లు మాట్లాడరు. కాబట్టి డబ్బు కోసం చేసే పని వేరే జిల్లాలో పెట్టుకోండి.